బుకిట్టింగి పిల్ల మా ఇంట గడిపిన ఏడాది

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో డాలస్, ఫోర్ట్ వర్త్ మహానగరాల నడుమ ఇర్వింగ్ అనే పట్టణం ఉంది. జనాభా రెండున్నర లక్షలు. మన హైదరాబాదులో ఒక మూలకు సరిపోయేంత ఊరు. అయినా ఇక్కడి మెకార్థర్ రోడ్డు వెంట నడిచే తెలుగువారికి పరాయిదేశంలో ఉన్నామన్న భావన అంతగా కలగదు. (నడవడం అన్నది మాటవరసకే, ఈ ఊళ్ళో కారు లేనిదే ఉప్పు ప్యాకెట్టు కూడా ఇంటికి రాదు.) గోంగూర కట్టలు దొరుకుతాయి, జబీహా మాంసం దొరుకుతుంది, బిర్యానీ హోటళ్ళకు కొదవ లేదు. శుక్రవారం మధ్యాహ్నం మస్జిదు ముంగిట నిలబడితే ఉర్దూ, అరబీ, బంగ్లా, సోమాలీ, మలయాళం, తెలుగు ఒకేసారి చెవిన పడతాయి. కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మాకు ఈ కలగలుపు ఎన్నడో అలవాటైపోయింది. అలవాటైనది కంటికి కనిపించదు. 2023 ఆగస్టులో ఇండోనేషియా నుంచి ఒక పదహారేళ్ళ పిల్ల మా ఇంటికి వచ్చిన తరువాతనే మా ఊరిని, మా ఇంటిని మళ్ళీ చూడటం మొదలుపెట్టాము.

ఆ పిల్ల వచ్చినది ‘యస్’ అని పొట్టిగా పిలిచే విద్యార్థుల వినిమయ పథకం కింద. 2001 సెప్టెంబరు 11 దాడుల దరిమిలా, 2002లో, సెనేటర్లు ఎడ్వర్డ్ కెన్నెడీ, రిచర్డ్ లూగర్ల చొరవతో అమెరికా ప్రభుత్వం దీనిని నెలకొల్పింది. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల హైస్కూలు విద్యార్థులు ఒక విద్యాసంవత్సరం పాటు అమెరికాలో ఒక కుటుంబంతో కలిసి ఉండి, ఇక్కడి బడిలో చదువుతారు. భారతదేశపు పిల్లలూ ఇందులో ఉన్నారు. ఇటువంటి వినిమయాల చరిత్ర ఇంకా పాతది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో క్షతగాత్రులను మోసిన అమెరికన్ అంబులెన్సు సేవాదళమే, రెండు యుద్ధాలూ చూసిన తరువాత, దేశాల పిల్లలు ఒకరి ఇళ్ళలో ఒకరు పెరిగితే బాగుంటుందని తలచి 1947 నుంచి విద్యార్థులను ఇచ్చిపుచ్చుకోవడం ప్రారంభించింది. ఏఎఫ్ఎస్ అనే సంస్థ అదే.

“ముస్లిం పిల్లను ముస్లిం ఇంట్లోనే ఉంచితే పథకం ఉద్దేశం ఏమైనట్టు?” అని మా మిత్రులొకరు నవ్వుతూ అడిగారు. ప్రశ్న సబబైనదే. కాని సుమత్రా కొండల్లో పుట్టిన పిల్లకు కర్నూలు కుటుంబం కూడా టెక్సస్ అంత విదేశమే అన్న సంగతి నెల తిరగకుండానే ఇరుపక్షాలకూ తెలిసివచ్చింది.

ఆతిథ్య కుటుంబంగా నమోదు కావడం మేము అనుకున్నంత తేలిక కాదు. ఇంట్లోని పెద్దలందరి మీద నేరచరిత్ర విచారణ జరిగింది. సంస్థ తరఫు సమన్వయకర్త ఇల్లంతా కలియదిరిగి చూశారు. మమ్మల్ని ఎరిగినవారిని వాకబు చేశారు. పిల్లకు సొంత మంచం ఉండాలి. గది పంచుకుంటే ఆడపిల్లతోనే పంచుకోవాలి. నెలనెలా సమన్వయకర్త పిల్లతోనూ మాతోనూ మాట్లాడతారు. పిల్ల కారు నడపరాదు. హైస్కూలు విద్యార్థికి ఆతిథ్యమిచ్చినందుకు కుటుంబానికి పైకం ముట్టదు. అన్నం, పడక మావి. బీమా, చేతిఖర్చు పథకానివి. ఆదాయపు పన్ను లెక్కల్లో నెలకు 50 డాలర్ల వరకు దానం కింద చూపుకోవడానికి చట్టం అనుమతిస్తుంది. బియ్యం ఖర్చుకైనా చాలని ఆ మొత్తాన్ని తలచుకుని మా ఇంట్లో చాలాసార్లు నవ్వుకున్నాము.

ఇక కర్నూలులోని మా దాదీ (పిల్లలు అలా పిలుస్తారు కనుక ఇంటిల్లిపాదికీ ఆవిడ దాదీనే) ససేమిరా అన్నారు. ఆవిడ అభ్యంతరం డబ్బు గురించి కాదు. “వయసొచ్చిన పరాయి పిల్ల. ఇంట్లో మగవాళ్ళున్నారు. ఎవరు మహ్రమ్, ఎవరు నామహ్రమ్ అని రేపు ఎవరైనా అడిగితే ఏం చెబుతారు?” అన్నారు. పెద్దావిడ చాదస్తం అని తోసిపుచ్చే మాట కాదది. జైద్ (ర) విషయంలో దివ్య ఖుర్ఆన్ తేల్చి చెప్పినది ఇదే: పెంచినంత మాత్రాన రక్తసంబంధం ఏర్పడదు, వారిని వారి తండ్రుల పేరుతోనే పిలవాలి. ప్రేమ ఎంతైనా ఉండవచ్చు, హద్దు మాత్రం హద్దే.

కాబట్టి ఇల్లు సర్దుకున్నాము. మేడ మీది రెండు గదులూ, స్నానాలగదీ ఇల్లాలికీ, పద్నాలుగేళ్ళ మా అమ్మాయికీ, రాబోయే పిల్లకూ వదిలివేశాము. ఇంటి యజమాని పడక కింది గదిలోకి మారింది. ఆస్టిన్‌లో చదువుకుంటున్న మా అబ్బాయి సెలవులకు వస్తే అదే కింది అంతస్తులో వెనుక వాకిలి వైపు గది. మెట్ల పైన ఒక తెర కట్టాము. మొదట్లో ఆ తెరను చూస్తే మాకే నవ్వు వచ్చేది. తరువాత తరువాత, ఆడపిల్లలిద్దరూ తలమీద ముసుగు లేకుండా పరుగులు తీసి ఆడుకోగల చోటు ఆ తెర వల్లనే దక్కిందని గ్రహించాము. వచ్చిన మొదటిరోజే ఆ పిల్ల తెరను చూసి, ఏమిటని అడగకుండానే అర్థం చేసుకుని, ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించింది. ఇంకొక ఇంట ఉన్న తోటి విద్యార్థినులు కొందరు ఇరవైనాలుగు గంటలూ ముసుగుతోనే గడపవలసి వస్తున్నదని ఆమె తరువాత చెప్పింది.

ఆమెది పడమటి సుమత్రాలోని బుకిట్టింగి. భూమధ్యరేఖకు కూతవేటు దూరంలో, సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్లకు పైన ఉన్న చల్లని కొండపట్టణం. ఊరి నడిబొడ్డున 1926లో కట్టిన గడియారపు గోపురం ఉంది. దాని మీద రోమను అంకెలలో నాలుగును అందరిలా కాక నాలుగు నిలువు గీతలుగా వేశారు. ఆ ప్రాంతపు ప్రజలు మినాంగ్‌కబౌలు. నిష్ఠ గల ముస్లింలు. అయినా వారిలో వంశం తల్లి వైపు నుంచి సాగుతుంది. తాతముత్తాతల నాటి ఇల్లు, వరిపొలం తల్లి నుంచి కూతురికి చెందుతాయి. పెళ్ళయిన మగవాడు భార్య ఇంటికి వస్తాడు. మరి వారసత్వపు షరీయతు మాటేమిటని మేము ఆత్రంగా అడిగాము. తల్లిదండ్రులు స్వయంగా సంపాదించినది షరీయతు ప్రకారం పంచుకుంటారనీ, వంశపు ఆస్తి ఎవరి సొంతమూ కాదనీ, అమ్ముకునే హక్కు లేని ఉమ్మడి సొత్తనీ ఆమె చెప్పింది. దాదీకి ఫోనులో ఈ సంగతి చెబితే చాలాసేపు మౌనంగా ఉండి, “మా అమ్మ ఇంట్లో నాకు ఒక గిన్నె కూడా రాలేదు” అన్నారు. ఖుర్ఆన్ ఆడపిల్లకు ఇచ్చిన వాటాను కూడా మన ఊళ్ళలో చీరసారెలతో సరిపుచ్చే ఇళ్ళు ఎన్ని లేవు!

ఆ సమాజంలో తల్లి సోదరునికి పెద్దపీట. మేనకోడళ్ళ, మేనల్లుళ్ళ బాధ్యత అతనిదే. అతనిని ‘మామక్’ అంటారు. మేనమామ అన్న మాటకు ఇంత దగ్గరి మాట అంత దూరాన ఉండటం మాకు ముచ్చట గొలిపింది. ఆ పిల్లను అమెరికా పంపాలన్న పట్టుదల ఆమె మామక్‌దేనట.

మాటల ముచ్చట అక్కడితో ఆగలేదు. ఇండోనేషియా భాషను వారు ‘బహాసా’ అంటారు. అది మన భాష అన్న మాటే. గురువు వారికీ గురు. మనిషి మనుసియా, భూమి బుమి, స్వర్గం సుర్గా. ఉపవాసాన్ని ‘పువాసా’ అంటారు. ఉపవాసమే అరిగి పువాసా అయింది. ఇంకో వైపు అరబీ నుంచి వచ్చినవి: కుర్చీ కుర్సీ, సబ్బు సాబున్, సమాచారం కబర్, వేళ వక్తు. కర్నూలు ముస్లిం ఇంట్లో తెలుగూ ఉర్దూ ఎలా కలిసిపోయి ఉన్నాయో, వారి భాషలో సంస్కృతమూ అరబీ అలాగే పక్కపక్కన కూర్చున్నాయి. ఒకరోజు రాత్రి, “రేపు పొద్దున దోసె” అని ఇల్లాలు ప్రకటించగానే ఆ పిల్ల కంగారుపడింది. వారి భాషలో ‘దోసా’ అంటే పాపం. దోషం అన్న మాట. ఆనాటి నుంచి మా ఇంట్లో ఫలహారం అడగడమంటే, “ఈవేళ పాపం ఉందా?” అనడమే.

మరొక సంగతి కూడా ఆమెనే పట్టింది. ఇంగ్లీషులో ‘వీ’ అని ఒకటే మాట. ఉర్దూలోనూ ‘హమ్’ ఒక్కటే. వారికి రెండున్నాయి. వింటున్నవారిని కలుపుకుంటే ‘కిత’, కలుపుకోకుంటే ‘కమీ’. మన మనము, మేము ఇవే కదా! తెలుగు నేర్చుకోవడంలో అన్నిటికంటే సులువుగా ఆమెకు పట్టుబడినది ఈ భేదమే. మాట్లాడేటప్పుడు ఇందులో ఆమె ఎన్నడూ పొరబడలేదు. ‘మేము శనివారం కొండకు పోతాము’ అంటే బుకిట్టింగి కుటుంబం. ‘మనం శనివారం బట్టలు ఉతకాలి’ అంటే ఇర్వింగ్ కుటుంబం. మా అమ్మాయి ఆమెను ‘ఊని’ అనేది. వారి వాడుకలో అక్క అని అర్థం. ఇల్లాలిని ఆమె ‘ఇబు’ అనేది, అమ్మ అని. సొంత తల్లిని మాత్రం ‘అమక్’ అనేది. ఎవరి మాట వారికే ఉంచింది.

బడి గురించి ఎక్కువ చెప్పేది లేదు. పచ్చ బస్సు, మూడు వేల మంది పిల్లలు, ప్రతి ఉదయం అమెరికా జెండాకొకటి, టెక్సస్ జెండాకొకటి రెండు ప్రతిజ్ఞలు, ఆపై ఒక నిమిషం మౌనం. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ పిచ్చి. ఆ బడిలో చదువు ఆమెకు ఏమంత కష్టం కాలేదు. అక్టోబరులో డ్యాన్సు వేడుక ఒకటి జరుగుతుంది. వెళ్ళాలా వద్దా అన్నది మేము తేల్చలేదు. బుకిట్టింగికి ఫోను చేయించాము. వాళ్ళ అమ్మ వద్దన్నది, ఆ పిల్ల ఒక పూట అలిగింది. టెక్సస్ ఆడపిల్లలు ఆ వారంలో ఛాతీకి తగిలించుకునే రిబ్బన్ల పూలగుత్తిని మాత్రం మా అమ్మాయితో కలిసి తయారుచేసుకుని తగిలించుకుని పోయింది. దాని బరువుకు పాపం నడవలేక నడిచింది.

వంటింట్లో పేచీ అన్నదే లేదు. మూడు పూటలా అన్నం, చేత్తో తినడం, కారం. అన్నం తినకపోతే అసలు తిననట్టే లెక్క అన్నది వారి నమ్మకం, మనదీ అదే. కొబ్బరిపాలలో మాంసాన్ని గంటల తరబడి, పాలన్నీ ఇంకి నూనె తేలి ముక్క నల్లబడేదాకా ఉడికించే రెందాంగ్ వారి ఊరి వంటకమే. మొదటిసారి అది వండిన ఆదివారం పొయ్యి దగ్గర నాలుగున్నర గంటలు నిలబడింది. గోంగూర మాంసం రుచి చూపి మేము బదులు తీర్చుకున్నాము. స్నానాలగది విషయంలోనూ మేమూ ఆమె ఒకే పక్షం. నేల మీద నీళ్ళు పోయే తూము లేని స్నానాలగది కట్టిన దేశాన్ని గురించి ఇద్దరమూ ఏకగ్రీవంగా ఆశ్చర్యపోయాము.

నమాజు దగ్గర చిన్న తేడాలు. వారు షాఫయీలు, మేము హనఫీలము. అస్ర్ వేళ వారికి ముందుగా వస్తుంది. నీడ వస్తువుకు సమానమైతే చాలు. మాకు రెండింతలు కావాలి. బడి నుంచి వచ్చి ఆమె నమాజు ముగించిన చాలాసేపటికి మా ఇల్లాలి నమాజు. నమాజు కోసం ఆమె ‘ముకెనా’ తొడుక్కుంటుంది: తల నుంచి నడుము దాటి జారే తెల్లని పైవస్త్రం, కింద పావడా. భూమధ్యరేఖ దగ్గర పుట్టిన పిల్లకు ఏడాది పొడుగునా మగ్రిబ్ దాదాపు ఒకే వేళకు. ఇక్కడ ఆగస్టులో ఎనిమిది దాటాక అస్తమించిన సూర్యుడు డిసెంబరులో ఐదున్నర కాకముందే మునిగిపోతుంటే, ప్రతి వారం నమాజు వేళల పట్టికను మళ్ళీ చూసుకోవలసి రావడం ఆమెకు వింతగా ఉండేది.

డిసెంబరు 3 ఆదివారం. ఫజ్ర్‌కు ఇంకా పొద్దుంది. మేడ మెట్ల మీద అడుగుల చప్పుడు. తెర వెనుక నుంచే ఆ పిల్ల గొంతు, “ఇబు, గునుంగ్ మరాపీ” అని. గునుంగ్ అంటే కొండ. బుకిట్టింగి నుంచి కళ్ళెదుట కనిపించే అగ్నిపర్వతం మరాపీ. (జావాలోని మెరాపీ వేరు, వార్తలు చదివేవారు తరచు ఒకదానికొకటి అనుకుంటారు.) 2,891 మీటర్ల ఆ కొండ అక్కడి మధ్యాహ్నం మూడు కావస్తుండగా బద్దలైంది. పైన డెబ్బైమందికి పైగా పర్వతారోహకులున్నారు. అమక్ పంపిన సందేశం ఫోనులో ఉంది: ఇంట్లో అందరమూ బాగున్నాము, బూడిద రాలుతున్నది, మామక్ మాత్రం అందుబాటులోకి రాలేదు. ఆయన పొలం కొండ దిగువనే. ఆ ఉదయం పొలానికి వెళ్ళారు.

ఇటువంటి వేళ ఏమి చేయాలో ఏ శిక్షణలోనూ చెప్పరు. సమన్వయకర్తకు ఫోను చేశాము. ఆవిడ వెంటనే మేల్కొని ధైర్యం చెప్పారు. ఆ పైన చేయగలిగినదేమీ లేదు. ఇల్లాలు మేడ మీదికి వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చున్నది. ఇద్దరూ ఫజ్ర్ నమాజు చేశారు. టీ పెట్టారు, అది చల్లారిపోయింది. మా అమ్మాయి నిద్రలేచి వచ్చి, ఏమీ అడగకుండా ఊని జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. అలా ఎన్నిసార్లు అల్లిందో. కింద అంతస్తులో ఇంటి యజమాని ఇండోనేషియా వార్తల పేజీలు తెరిచి, అర్థమైన మాటలనే పట్టుకుని చదువుతూ కూర్చున్నారు: కొర్బాన్ అంటే బాధితులని ఆ వేళ తెలిసింది. మన నోట ఖుర్బానీగా ఉన్న మాట అది.

పదిగంటలకు మామక్ ఫోను నుంచి మూడు మాటలు వచ్చాయి. “కమీ సెమువా సెలమత్.” ఆ పిల్ల తెర తొలగించి, ముసుగు సవరించుకుని, మెట్ల మీద నిలబడి ఆ మూడు మాటలూ పైకి చదివింది. ఎవరూ అనువదించనవసరం లేకపోయింది. మేము. అందరం. సలామత్. మామక్ పొరుగువారి ఇళ్ళకు కబురు చెప్పడానికి తిరుగుతూ ఉండిపోయారట, అక్కడ కరెంటు పోయి ఫోనూ మూగబోయింది. ఆ కొండ మీద ఇరవై మందికి పైగా మరణించారు. వారిలో చాలామంది విద్యార్థి వయసువారే. ఆ వారమంతా ప్రతి నమాజు తరువాత ఆమె ఎక్కువసేపు చేతులెత్తి ఉండేది.

ఆ డిసెంబరు సెలవులకు మా అబ్బాయి వచ్చి మూడు వారాలున్నాడు. మేము భయపడినంత ఇబ్బంది కలగలేదు. వాడు గదిలోంచి వచ్చేముందు గొంతు సవరించుకునేవాడు. దాదీ మాత్రం ఆ మూడు వారాలూ రోజుకు రెండుసార్లు ఫోను చేశారు.

మార్చి 10న అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరిగాయి. దానితో ఇర్వింగ్‌కు, బుకిట్టింగికి సరిగ్గా పన్నెండు గంటల తేడా. మరునాటి నుంచే ఇక్కడ రమజాన్. ఆ పిల్ల అమక్ ఇంట ప్రభుత్వం ప్రకటించినట్టు మార్చి 12న మొదటి ఉపవాసం. మామక్ ఇంట ముహమ్మదియా సంస్థ లెక్క ప్రకారం 11ననే. ఒకే కుటుంబంలో రెండు తేదీలున్నా ఎవరూ ఎవరినీ నొచ్చుకోలేదని ఆమె చెప్పినప్పుడు, మన ఊళ్ళలో నెలవంక చుట్టూ జరిగే వాగ్వాదాలు గుర్తుకొచ్చాయి. మేము సహరీ ముగించే ఆరున్నర వేళకు, సరిగ్గా వారు ఇఫ్తార్‌కు కూర్చునేవారు. బల్ల మీద ఫోను నిలబెట్టి పెట్టేది. ఇక్కడ మేము చివరి గుక్క నీళ్ళు తాగుతుంటే అక్కడ వారు మొదటి గుక్క తాగేవారు. ఇక్కడి ఆఖరి ఖర్జూరం, అక్కడి మొదటి ఖర్జూరం. నెల గడిచేకొద్దీ ఇక్కడి తెల్లవారుజాము ముందుకు జరిగి ఆ పొత్తు కాస్త చెదిరింది గాని, మొదటి పది రోజుల ఆ భోజనం మరువరానిది. బడిలో మధ్యాహ్న భోజనవేళ ఉపవాసమున్న పిల్లలందరూ గ్రంథాలయంలో కూర్చునేవారు. ఒక మెక్సికన్ స్నేహితురాలు రెండు రోజులు తోడుగా తానూ ఉపవాసముండి, మూడో రోజు చేతులెత్తేసిందట.

అదే రమజాన్ చివరి రోజులలో, ఏప్రిల్ 8 సోమవారం, డాలస్ ప్రాంతం మీద సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఇక్కడ మునుపటి సంపూర్ణ గ్రహణం 1878 నాటిది. ఉదయమంతా మబ్బులు కమ్మి బెంగపెట్టాయి. మధ్యాహ్నం 1 గంట 40 నిమిషాల వేళకు విడివడ్డాయి. మూడు నిమిషాలకు పైగా చీకటి. వీధి దీపాలు వెలిగాయి, పక్షులు గూళ్ళకు తిరిగాయి. గ్రహణమంటే గర్భిణులను గదిలో పెట్టి తలుపులు మూసే మన ఇళ్ళు తలపుకొచ్చాయి. మహాప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన రోజున గ్రహణం పట్టగా, ఆ మరణం వల్లనే పట్టిందని జనం అనుకున్నారు. పుత్రశోకంలో ఉన్న ఆ తండ్రి, సూర్యచంద్రులు దైవ సూచనలే గాని ఎవరి చావుపుట్టుకలకూ గ్రహణం పట్టదని చెప్పి, నమాజుకు నిలబడ్డారు. 2016లో తమ ఊళ్ళో పాక్షిక గ్రహణం నాడు మస్జిదులో ఇమాము ఇదే చెప్పారని ఊనికి జ్ఞాపకం. ఆ చీకటిలో ఆమెకు భయం వేసిందో లేదో మేము అడగలేదు. కొండ బూడిదతో పట్టపగలు చీకటి కమ్మిన ఊరి పిల్ల.

ఏప్రిల్ 10న ఇర్వింగ్‌లో ఈద్, బుకిట్టింగిలోనూ అదే రోజు, కర్నూలులో 11న. మూడు ఊళ్ళకు ఫోన్లు. వారి ఆచారం ప్రకారం ఆనాడు చిన్నవారు పెద్దల ఎదుట, తెలిసి చేసినవీ తెలియక చేసినవీ మన్నించమని కోరతారు. ఆ పిల్ల ఇల్లాలి చేయి కళ్ళకద్దుకుని ఆ మాట అన్నప్పుడు ఏమని బదులివ్వాలో మాకు తోచలేదు. ఈదీ చేతిలో పెట్టాము.

మే నెల 11వ తేదీ రాత్రి సుమత్రాలో కుండపోత వాన కురిసింది. డిసెంబరు నుంచి మరాపీ వాలుల మీద పేరుకున్న బూడిద, బండరాళ్ళు నీళ్ళతో కలిసి వాగులై ఊళ్ళ మీద పడ్డాయి. వారు దానిని చల్లని లావా అంటారు. అరవై మందికి పైగా చనిపోయారు. ఈసారి మామక్ కుటుంబమంతా వెంటనే మాట్లాడింది, క్షేమమే. పొలం మాత్రం లేదు. తల్లి వైపు నాలుగు తరాల వరిపొలం మనిషెత్తు రాళ్ళ కింద పోయింది. ఆ పొలం మామక్‌ది కాదు. ఆయన చూసుకునేవాడు మాత్రమే. అది అమక్‌ది, ఆమె తరువాత ఈ పిల్లది.

ఇంటికి పోతానన్నది. ఆ రోజే. పరీక్షలకు రెండు వారాలుంది, తిరుగు ప్రయాణానికి నాలుగు వారాలుంది. కావాలంటే ముందే పంపే ఏర్పాటు చూస్తామని సమన్వయకర్త చెప్పారు. అమక్ మాకు ఫోను చేసి వేరుగా అడిగింది: పంపకండి, పడాంగ్ విమానాశ్రయం నుంచి మా ఊరికి వచ్చే అనాయ్ లోయ రోడ్డు తెగిపోయింది, ఇక్కడికి వచ్చి ఏడుస్తూ కూర్చోవడం తప్ప ఏం చేస్తుంది అని. మేము ఆ మాట చెప్పగానే ఆ పిల్ల మొదటిసారి గొంతు పెంచింది. “మీకు ఆ పొలం తెలియదు. మీరు మా వాళ్ళు కాదు” అన్నది. తెలుగులోనే అన్నది. మా వాళ్ళు అన్నది, మన వాళ్ళు అనలేదు. నిజమే, మాకు ఆ పొలం తెలియదు. వాదించలేదు. కాని టిక్కెట్టు మార్చడానికీ ఒప్పుకోలేదు. కన్నతల్లి వద్దన్న తరువాత మా చేతుల్లో అధికారం లేదు. ఆ రాత్రి అన్నం బల్ల మీద ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మాయి ఒక పళ్ళెంలో అన్నం పెట్టుకుని తెర వెనుకకు తీసుకుపోయింది.

మరునాడు మామక్‌తో మాట్లాడించమని మేమే అడిగాము. ఆయన చాలాసేపు మాట్లాడారు. మాకు అర్థమైనది కొంత, ఆ పిల్ల తరువాత చెప్పినది కొంత. రాళ్ళు నువ్వు వచ్చినా లేవవు, జూన్‌లో వచ్చినా అక్కడే ఉంటాయి, పరీక్ష రాసి రా, నిన్ను అక్కడికి పంపినది నేను అన్నారట. ఆమె తల వంచుకుని ‘ఇయా, మామక్’ అంటూ వింది.

ఆ తరువాతి శుక్రవారం జుమా వేళకు మస్జిదు ఆవరణలో ఒక బల్ల వేసుకుంది. ముందురోజు రాత్రంతా ఇద్దరు పిల్లలూ ఇల్లాలూ కలిసి రెందాంగ్ వండారు. ఇంట్లో ఉన్న పెద్ద బిర్యానీ డేగిసాలు రెండూ దించారు. అన్నంతో పొట్లాలు కట్టారు. అరగంటలో అయిపోయాయి. కొందరు పొట్లం తీసుకోకుండానే డబ్బు ఇచ్చిపోయారు. మరుసటి శుక్రవారం మళ్ళీ. ఆ మొత్తం అమక్‌కు పంపితే, ఆవిడ తమ పొలానికి కాక ఇల్లు కొట్టుకుపోయిన పొరుగువారికి ఇచ్చిందని తెలిసింది. ఈ సంగతి చెప్పేటప్పుడు ఊని ముఖంలో చిన్న గర్వం కనిపించింది, మే నెలలో మొదటిసారి.

పరీక్షలు బాగానే రాసింది. జూన్ మొదటి వారంలో బయలుదేరింది. రెండు పెట్టెల బరువు తూచడంతో ఒక సాయంత్రమంతా గడిచింది; గోంగూర పచ్చడి సీసా కోసం రెండు జతల బూట్లు వదిలిపెట్టింది. తెల్లని ముకెనా ఒకటి మడిచి మా అమ్మాయి దిండు కింద ఉంచింది. పడాంగ్ నుంచి చుట్టుదారిన ఊరు చేరేసరికి ఆమెకు ఇంకొక అర్ధదినం పట్టిందట. ఈదుల్ అజ్‌హాకు ఇంట ఉన్నది. మామక్ రాళ్ళు తొలగించడానికి మనుషులను పెట్టారు. ఒక మూల కొంత మేర మట్టి కనిపిస్తున్నదని బొమ్మ పంపింది.

మెట్ల పైన తెర ఇంకా తీయలేదు. మా అబ్బాయి స్నేహితుడొకడు, “మళ్ళీ ఎవరినైనా పెట్టుకుంటారా?” అని అడిగితే ఇల్లాలు నవ్వి ఊరుకుంది.

ఆ పిల్ల బయలుదేరిన మరునాడు కర్నూలు నుంచి దాదీ ఫోను చేశారు. ఎవరి గురించీ అడగలేదు. “పిల్ల చేరిందా?” అన్నారు. ఇంకా విమానంలోనే ఉందన్నాము. గంట గడిచాక మళ్ళీ చేశారు.